ఇంజిన్ ఎక్కని రాడ్డు

ఈ మధ్యాహ్నం మళ్లీ మోగింది. అన్నం తిని పెరట్లో చెయ్యి కడుక్కుంటున్నాను. మే నెల ఎండకి షెడ్డు రేకులు చిటపటమంటున్నాయి. ఇంటి వెనక రసాల మామిడి తోటలో ఒక్క ఆకు కదలడం లేదు. నడి మధ్యాహ్నం కూడా ఆ చెట్ల కింద చీకటిగానే ఉంటుంది. అలవాటు లేనివాళ్లు ఆ వేళప్పుడు లోపలికి వెళ్లాలంటే జంకుతారు. ఆ నిశ్శబ్దంలో, ఊరవతల ఎక్కడో చర్చి గంట ఒక్కసారి కొట్టి ఆపినట్టు వినిపించింది. వరండాలోకి వచ్చి చూశాను. దూలానికి దారంతో వేలాడదీసిన రాడ్డు ఊగడం లేదు. వేలు ఆనిస్తే మాత్రం లోపల్లోపల వణుకుతోంది. మొదట్లో బల్లి తగిలిందనీ, ఉడుత దూకిందనీ సర్దిచెప్పుకునేవాణ్ణి. అంత బరువైన ఇనుముని మోగించే ఉడుతలు ఈ తోటలో లేవు.

అది కనెక్టింగ్ రాడ్డు. ఇంజిన్‌లో పైకీ కిందికీ దూకే పిస్టన్‌ని అడుగున తిరిగే క్రాంకుతో కలిపి పట్టుకునే చెయ్యి లాంటిది. ఒక చివర చిన్న కన్ను, ఇంకో చివర పెద్ద కన్ను. దీన్ని నేనే సానబెట్టాను, నేనే తూకం వేశాను. అయినా ఇది ఇంతవరకు ఏ ఇంజినూ ఎక్కలేదు. ఎక్కనివ్వని మనిషి సుగుణమ్మగారు. నాకు పని నేర్పిన యజమానురాలు. ఆవిడ పోయిన కొత్తలో, జ్ఞాపకంగా నాలుగు మంచి ముక్కలు రాసిమ్మని చర్చివాళ్లు అడిగితే రాయనన్నాను. ఇప్పుడు రాస్తున్నాను, కానీ మంచి ముక్కలే రాస్తానని మాటివ్వలేదు. ఆవిడ నాకు బతుకుతెరువు చూపించింది, నిజం. నలుగురిలో నా పరువు తీసింది, అదీ నిజం. మొదటిది గుర్తు పెట్టుకుని రెండోది మర్చిపొమ్మని నాకు చెప్పనివాళ్లు లేరు. నేను మర్చిపోలేదు.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్లే రోడ్డు మీద ఆవిడ షెడ్డు ఉండేది. లారీలు, ట్రాక్టర్లు, తోటల్లో నీళ్లు తోడే ఇంజిన్లు అక్కడికి వచ్చేవి. షెడ్డు పెట్టింది ఆవిడ భర్త అబ్రహాం గారు. ఒక లారీ ఇంజిన్ కట్టి, స్టాండు మీద పెట్టి, పూర్తి వేగం దాకా తీసుకెళ్లి, వేగం పెంచే లివరు ఒక్కసారిగా దించారట. దించిన క్షణంలో రాడ్డు తెగి ఇంజిన్ బ్లాకుని చీల్చుకుని పక్కనుంచి బయటికొచ్చింది. ఆయన ఆ పక్కనే నిలబడి ఉన్నారు. ఈ సంగతి మా ప్రాంతంలో అందరికీ తెలుసు. షెడ్డు అమ్మేస్తుందనుకున్నారు. ఆవిడ అమ్మలేదు. భర్త ఖాకీ చొక్కాని చీర మీద తొడుక్కుని, కళ్లజోడుకి తాడు కట్టుకుని, ఆ స్టాండు దగ్గరే స్టూలు వేసుకుని కూర్చుంది. నెమ్మదైన మనిషి కాదు. మామిడికాయల కాటా దగ్గర నిలబడ్డ కమీషన్ వ్యాపారులు కూడా ఆవిడ గొంతు వింటే పక్కకి తప్పుకునేవారు.

నేను చేరిన రోజే ఆవిడ నాకు రాడ్డు వినడం చూపించింది. ఒక పురికొస చిన్న కన్నులోంచి దూర్చి, కొస చూపుడు వేలికి చుట్టుకుని, ఆ వేలు చెవిలో పెట్టుకుంది. రాడ్డుని గాల్లో వేలాడదీసి స్పానరుతో ఒక్కటి కొట్టింది. బయట నిలబడ్డ నాకు టంగుమని చిన్న చప్పుడు వినిపించింది, అంతే. ఆవిడ మాత్రం కళ్లు మూసుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత దారం నా వేలికి చుట్టి, ఆ వేలు నా చెవిలో పెట్టించింది.

"విను. బయటి చప్పుడు కాదు, లోపలిది."

కొట్టింది. నా తలకాయలో పెద్ద గంట మోగింది. దారం మీదుగా, వేలి ఎముక మీదుగా పుర్రెలోకి ఎక్కింది. మోత సన్నబడుతున్నకొద్దీ ఎవరో లోపలికి నడుచుకుంటూ వెళ్లిపోతున్నట్టు ఉంది. వేలు తీసేశాను.

"భయమేసిందా?" అంది.

"లేదండీ."

"వెయ్యాలి. నాకు రోజూ వేసుద్ది."

పగులు ఉన్న రాడ్డు పగిలిన కుండలా బొంగురుగా మోగుతుంది. అలాంటిది దొరికితే ఆవిడ అక్కడికక్కడే గ్యాసుతో రెండు ముక్కలు కోయించేది. పాత ఇనుము కొనేవాళ్లకి ముక్కలే ఇచ్చేది, నిండు రాడ్డు ఎప్పుడూ ఇవ్వలేదు. నిండుగా పోతే ఎవడో ఒకడు ఏరుకుని మళ్లీ ఇంజిన్‌లో పెడతాడని ఆవిడ భయం. ఇది గుర్తుంచుకోండి, నా ఫిర్యాదుకి ఇది అవసరం.

ఇంజిన్ బలం గురించి ఆవిడ చెప్పిన మాట కూడా రాయాలి. అప్పటికే మా దగ్గర కుర్రకారు ట్రాక్టర్లకి పెద్ద టర్బో వేయించి, డీజిల్ పంపు పెంచి, రెట్టింపు లాగించాలని చూసేవారు. టర్బో అంటే పొగ వేగంతో తిరిగి గాలిని ఇంజిన్‌లోకి కుక్కే చక్రం. ఎంత గాలి కుక్కితే అంత డీజిల్ మండుతుంది, పిస్టన్ మీద అంత దెబ్బ పడుతుంది. మామూలు రాడ్డు ఆ దెబ్బకి వంగుతుంది. అందుకే దిట్టమైన రాడ్డు కావాలని అందరికీ తెలుసు. సుగుణమ్మగారు మాత్రం వంగడం గురించి పెద్దగా పట్టించుకునేది కాదు.

"వంగితే పొగొచ్చుద్ది, చప్పుడొచ్చుద్ది, చెప్పి మరీ చెడుద్ది. తెగేది అలా కాదురా. బలం రాడ్డుని నొక్కుద్ది, వేగం రాడ్డుని పీకుద్ది. లోడు మీదున్నంతసేపు పైనుంచి మంట నొక్కి పట్టుకునుంటది. నువ్వు ఠక్కున లివరు దించావనుకో, నొక్కేది ఉండదు. పిస్టన్ పైకి ఎగిరిపోదామని చూసుద్ది. దాన్ని వెనక్కి లాగాల్సింది రాడ్డొక్కటే. అప్పుడు తెగుద్ది."

నాకు ఎక్కలేదని చూసి, టిఫిను గిన్నె పక్కనున్న రసాల కాయ తొడిమ తుంచింది. సొన చిమ్మి ఆవిడ వేలి మీద పడింది. "చెట్టున వేలాడినంతకాలం కాయకేం కాలేదు. వదిలిన చోటే చూడు." ఆ సొన మచ్చ ఆవిడ వేలి మీద నల్లగా ఉండిపోయింది. దారం చుట్టుకునే వేలు అది.

ఇక అసలు విషయం. సూరిబాబు గారని తోటలు కౌలుకి తీసుకునే పెద్దమనిషి, పంట అయిపోయాక ముసునూరు వైపు జరిగే బండలాగుడు పోటీకి ట్రాక్టరు సిద్ధం చేయమన్నాడు. ఎడ్ల పోటీలు అయ్యాక చివరి రోజు అదే పొలంలో, ఇంకా పెద్ద బండ కట్టి ట్రాక్టర్లతో లాగిస్తారు. నడిపేది మా తమ్ముడు సంసోను. వాడు సూరిబాబు గారి డ్రైవరు. ఆ ఇంజిన్ మొత్తం నేను కట్టాలని నేనే అడిగి తీసుకున్నాను. విజయవాడ ఆటోనగర్ నుంచి నాలుగు కొత్త ఫోర్జింగ్ రాడ్లు తెచ్చాను. పోత పోసినవి కాదు, ఎర్రగా కాల్చి సమ్మెటలతో కొట్టి సాగదీసినవి. అంచుల గరుకు తీశాను, గీత ఉన్నచోట పగులు మొదలవుతుందని గీత లేకుండా నిలువునా సానబెట్టాను, నాలుగూ ఒకే తూకానికి తెచ్చాను. చేతి గోళ్లలో ఇనుప మన్ను నెలల తరబడి పోలేదు.

బిగించే రోజు సూరిబాబు గారు, ఆయన మనుషులు, ఇద్దరు లారీ మేస్త్రీలు షెడ్డులో ఉన్నారు. సుగుణమ్మగారు ఒక్కో రాడ్డు దారానికి కట్టి వింది. మూడు పక్కన పెట్టింది. నాలుగోది రెండుసార్లు కొట్టింది. మూడోసారి కొట్టి, వేలు చెవిలోంచి తీసి, రాడ్డుని పాత గుడ్డలో చుట్టేసింది.

"ఇది వద్దు. నాలుగోది నేనిస్తా."

"ఏంటండీ సుగుణమ్మగారూ," అన్నాడు సూరిబాబు గారు, "మనవాడు అద్దంలా తోమితే. మొహం చూసుకుని గెడ్డం గీసుకోవచ్చు."

"గెడ్డానికైతే పట్టుకెళ్లండి."

"ఏం తేడా ఉందండీ అందులో?" అని నేను అడిగాను.

"నాకు నచ్చలేదు."

"నచ్చకపోవడానికి ఇదేమన్నా పెళ్లిచూపులాండీ?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కళ్లజోడు పైనుంచి నన్ను చూసి అంది: "నీ చెయ్యి మంచిదేరా దానియేలూ. చెవే మొద్దు. నీకు తోమే పని చెప్పాలిగానీ బిగించే పని చెప్పకూడదు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆ రోజు నుంచి నేను తోముడు దానియేలుని. ఇప్పటికీ విస్సన్నపేటలో ఎవరినైనా అడగండి, ఆ పేరుతోనే నా షెడ్డుకి దారి చెప్తారు.

మర్నాడు ఆ రాడ్డు పట్టుకుని ఆటోనగర్ వెళ్లాను. అక్కడ ఎర్ర రంగు పూసి, తుడిచి, పైన తెల్ల పొడి కొడతారు. కంటికి కనపడని పగులున్నా లోపల దాగిన ఎరుపు పొడిలోకి ఉబికి గీతగా తేలుతుంది. నేను చెమట్లు కక్కుతూ నిలబడ్డాను. గీత లేదు. రాడ్డు రెండు పక్కలా, రెండు కళ్ల చుట్టూ, పౌడరు రాసి పడుకోబెట్టిన శవంలా తెల్లగా ఉంది. ఆ పొడి రాలకుండా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చి ఆవిడ ముందు పెట్టాను.

"పగులు లేదండీ."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే. మాట్లాడమాకు, ఇట్టా ఇవ్వు." దారం కట్టి, తన స్టూలుకి పైనున్న దూలానికి వేలాడదీసింది. కోయించలేదు. వచ్చిపోయే ప్రతివాడికీ నా తప్పు చూపించడానికే అక్కడ పెట్టిందనుకున్నాను. పాస్టరు గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. క్షమించెయ్యి బాబూ అన్నారు. క్షమించడానికి ముందు తప్పెవరిదో తేల్చండి అన్నాను. మెకానిక్కుల సంఘం ప్రెసిడెంటుకి చెప్పాను. టీ ఇప్పించి పంపించాడు. చర్చిలో ఆవిడ కూర్చునే వరసకి ఎదురు చివర కూర్చోవడం మొదలుపెట్టాను. పనికి మాత్రం మానలేదు. మానితే ఆవిడకి సుఖం.

పోటీ రోజు ఆవిడ రాలేదు. పొలంలో జనం, దుమ్ము, మైకు. సంసోనుకి వెయ్యిసార్లు చెప్పాను, జెండా ఊపాక లివరు మెల్లగా దించమని. బండ కదిలింది. పొగ గొట్టంలోంచి నల్లగా ఎగిరింది, టర్బో ఈల వేసింది, ముందు చక్రాలు లేచాయి. గీత దాటాక తెల్లజెండా ఊపారు. వాడు ఉత్సాహం పట్టలేక లివరు ఠక్కున కిందికి కొట్టేశాడు. నేను ఇంజిన్ పక్కనే పరిగెత్తుతున్నాను. కళ్లు మూసుకున్నాను. ఏమీ కాలేదు. తెరిచి చూస్తే ఇంజిన్ బుద్ధిగా తిరుగుతోంది. మైకులో "సుగుణమ్మగారి ఇంజిన్" అని అరిచారు. కట్టినవాడి పేరు ఎవరూ అడగలేదు. అదీ రాసుకోండి.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి ఆవిడ స్టూలు మీద ఒక్కతే కూర్చుని ఉంది. మొహంలో నెత్తురు లేదు.

"వాడు లివరు ఠక్కున దించాడు కదూ?"

"ఎవరు ఫోన్ చేశారండీ?"

"ఎవరూ చెయ్యలేదు. ఇది మోగింది."

తలెత్తి చూశాను. వేలాడుతున్న రాడ్డు మీద తెల్ల పొడి లేదు. అంతా రాలిపోయి, నా చేతులు తోమిన ఇనుము నల్లగా మెరుస్తోంది. కింద గచ్చు మీద పొడి గుండ్రంగా పడి ఉంది. మోగించింది తనేనని, నన్ను భయపెట్టడానికి నాటకమాడిందని ఊళ్లో చాలామందికి చెప్పాను. చెప్తున్నప్పుడల్లా ఆ పొడి గుర్తొచ్చేది. స్పానరుతో కొడితే దెబ్బకి అవతలి పక్కకి రాలాలి. అది చుట్టూ ఒకేలా రాలింది.

తర్వాత చాలా ఏళ్లు ఆవిడ దగ్గరే పనిచేశాను. ఆ ఊసు ఆవిడ ఎత్తలేదు, నేను ఎత్తకుండా ఉండలేదు. ఆవిడ మంచాన పడ్డాక కూడా చూడ్డానికి వెళ్లి, ముందు అదే అడిగాను. జబ్బు మనిషిని అలా అడుగుతారా అని మా ఇంట్లో తిట్టారు. ఆవిడ పోయాక ఎవర్ని అడగను?

"ఇప్పటికైనా చెప్పండమ్మగారూ. దాంట్లో పగులుందా?"

"ఉందని నేనెప్పుడన్నాను?"

"మరెందుకు వద్దన్నారు?"

కిటికీలోంచి కోతకొచ్చిన మామిడి వాసన వస్తోంది.

"మా ఆయన పోయిన రోజు పొద్దున ఆ ఇంజిన్ రాడ్లు నేనే విన్నా. అప్పటికి నాకూ సరదాయే, ఆయనే నేర్పారు. ఒకటి ఎంత బాగా పలికిందో. ఎక్కడా జీర లేదు, తేడా లేదు, తేనెలాగా సాగింది. ఏవండీ ఇది చూడండి ఎంత బాగుందో అని నేనే ఆయన చేతికిచ్చా. అదే తెగింది. మళ్లీ అంత బాగా పలికింది నువ్వు తోమినదొక్కటే. అదే మోత. నాకు వణుకొచ్చింది. ఎదురుగా మీ తమ్ముడు నిలబడున్నాడు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చు కదండీ. నా చెవి మొద్దన్నారు."

"బాగుందని పక్కన పెట్టానంటే సూరిబాబు ఊరుకుంటాడా? నిన్ను తిడితే ఊరుకున్నాడు."

"మరి కోయించలేదేం?"

"నువ్వు చెప్పిందే నిజమేమో. మంచి ఇనుమేమో. కోయడానికి చెయ్యి రాలేదు." దారం చుట్టుకునే వేలు ఎత్తి నా వైపు చూపించింది. "నువ్వే పట్టుకెళ్లు. పారెయ్యమాకు."

ఇన్నేళ్లూ నేను అడిగింది నా రాడ్డు మంచిదన్న ఆ ఒక్క మాటే. ఆవిడ అంది కూడా. కానీ అన్నప్పుడు ఆ గదిలో మూడో మనిషి లేడు.

రాడ్డు తెచ్చి మా వరండాలో వేలాడదీశాను. కోసి పారెయ్యమని ఇంట్లో గొడవ. కోస్తే ఆవిడ మాట నెగ్గినట్టు, ఇంజిన్‌లో పెడితే నా మాట నెగ్గినట్టు. ఏదీ చెయ్యకపోతే దుమ్ము పడుతూ వేలాడుతుంది. అలాగే ఉంది, నిరుటి దాకా.

సూరిబాబు గారి ట్రాక్టరు ఇప్పుడు మా సంసోనుదే. తలనెరిసినా వాడికి బండలాగుడు సరదా పోలేదు. నిరుడు పోటీ ముందు టర్బో మార్చి గాలి ఇంకా ఎక్కించాడు. ఆవిడ చెప్పినట్టే పొగొచ్చింది, చప్పుడొచ్చింది. విప్పితే ఒక రాడ్డు వంగి ఉంది. కొత్తవి వచ్చేసరికి పోటీ దాటిపోయేలా ఉంది. వాడు నా వరండాలోకి వచ్చి తలెత్తి చూశాడు.

"అన్నయ్యా, ఇది అదే కొలత కదా."

"అది వద్దు."

"ఎందుకొద్దు? పగులుందా?"

"లేదు."

"మరింకేం? ఇన్నేళ్లుగా అది బాగుంది, అది బాగుంది అని నువ్వు చెప్పని మనిషి ఈ చుట్టుపక్కల లేడు. నా పెళ్లిలో కూడా చెప్పావ్, పెళ్లికూతురు వాళ్ల మేనమామకి."

"బాగానే ఉంది."

"బాగుంటే పెట్టు. ఆవిడ పెట్టనివ్వలేదని కదా నీ ఏడుపు. ఇప్పుడెవరు ఆపుతున్నారు?"

రాడ్డు దించాను. కొలిచాను, వెంట్రుకవాసి వంపు లేదు. కొత్త పురికొస కట్టి వేలికి చుట్టుకుని చెవిలో పెట్టుకున్నాను. ఆవిడ స్పానరే నా దగ్గరుంది, దాంతోనే కొట్టాను. మోత పుర్రెలోకి ఎక్కింది. ఎక్కడా జీర లేదు. తేనెలా సాగింది. సాగి, సాగి, ఎవరో పొడుగాటి గదిలోకి నడుచుకుంటూ వెళ్లి, చివర్లో ఆగి, వెనక్కి తిరిగి చూసినట్టు నిలిచింది. నా చేతి వెంట్రుకలు లేచాయి. అలాంటి మోత నా జీవితంలో ఎప్పుడూ వినలేదు. నేను చెప్పిందే నిజం. మొదటి నుంచీ నిజం.

"ఎలా ఉంది?" అన్నాడు సంసోను.

"ఇంతకంటే బాగా పలికే రాడ్డు ఉండదు."

"హమ్మయ్య. ఇంక పెట్టు."

"పెట్టను."

"ఆవిడ నీ చెవి ఒక్కటే మొద్దంది అన్నయ్యా. బుర్ర సంగతి మర్చిపోయింది," అని వెళ్లిపోయాడు. పోటీ పోయింది. కొత్త రాడ్లు వచ్చాక ఇంకో షెడ్డులో బిగించుకున్నాడు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. సొంత అన్నే దెబ్బకొట్టాడని ఊరంతా చెప్పుకుంటున్నాడు. పాస్టరు గారి దగ్గరికి కూడా వెళ్లాడట. క్షమించెయ్యి అన్నారట. వాడూ నాలాగే లేచి వచ్చేశాడట.

ఈ మధ్యాహ్నం అది మోగాక, తడిచేత్తోనే వాడికి ఫోన్ చేశాను. మొదటిసారి తియ్యలేదు. మళ్లీ చేశాను.

"ఏంటి?"

"ఎక్కడున్నావ్?"

"తోటలో. ట్రాక్టరుతో కాయల ట్రక్కు గట్టెక్కించా. ఇప్పుడే బండి నిలిపా."

"లివరు ఠక్కున దించావా?"

అవతల ఇంజిన్ బుద్ధిగా తిరుగుతోంది.

"నీకెవరు చెప్పారు?"

"మెల్లగా దించు," అన్నాను. వాడు ఫోన్ పెట్టేశాడు.

వరండాలో రాడ్డు ఇంకా వణుకుతోంది. రెండు చేతులూ చుట్టి పట్టుకున్నాను. అది నెమ్మదించేదాకా అలాగే నిలబడ్డాను. ఆ తర్వాత కూడా ఒక్కసారిగా వదల్లేదు. ఒక్కో వేలూ తీశాను.